ప్రోగ్రాం అయిపోయాక వచ్చే గ్రాంటు ఎవరి కోసం?

(బహిరంగ లేఖ)

విదేశాలతో సాంస్కృతిక మార్పిడి కోసం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు మంజూరు చేసే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ శాఖల అధికారులకు, ఎంపిక కమిటీల సభ్యులకు,

నమస్కారం.

మాది బెంగళూరులో ఒక చిన్న తెలుగు సాంస్కృతిక సంఘం. కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద నమోదైంది. జీతాలు తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. సొంత ఆఫీసు కూడా లేదు, మల్లేశ్వరంలో ఒక సభ్యుడి ఇంటి వరండాలోనే మీటింగులు. నెలనెలా ఒక కచేరీ, వీలైనప్పుడు నాటకం, ఉగాదికి కవి సమ్మేళనం, ఇవి అందరూ చేసేవే. వీటితోపాటు అనంతపురం వైపు ఊళ్ల నుంచి తోలుబొమ్మలాట బృందాలను పిలిపించి ఇక్కడి పిల్లల ముందు ఆడిస్తాం, బయటి దేశాల ఉత్సవాల నుంచి వాళ్లకు ఆహ్వానాలు వచ్చినప్పుడు కాగితాల పని మేమే చూస్తాం. ఈ ఉత్తరం ఆ కాగితాల పని గురించి.

ఇంతకుముందు విడిగా ఉత్తరాలు రాశాం, ఈమెయిళ్లు పెట్టాం, ఫిర్యాదుల పోర్టల్లోనూ నమోదు చేశాం. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో మాత్రం అందులో లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వస్తోంది. ఏ ఆఫీసు, ఏ అధికారి అనేది కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఒక్కరిని సంజాయిషీ అడిగి ఫైలు మూసేస్తారు. మేం అడిగేది పద్ధతి మార్చమని.

జరిగింది ఇదీ.

యూరప్‌లో ఒక బొమ్మలాట ఉత్సవం నుంచి మాతో పనిచేసే బృందానికి ఆహ్వానం వచ్చింది. బస, భోజనం, అక్కడి ప్రయాణాలు వాళ్లు చూసుకుంటారు, రానుపోను విమాన టికెట్లు మనవి. ఇలాంటి ఆహ్వానాలు చాలావరకు ఇలాగే ఉంటాయని మీకు తెలుసు, గ్రాంటు పెట్టిందే అందుకు. మేం అప్లై చేశాం. ఉత్సవంవాళ్లు ప్రోగ్రాం ఖరారు చేసిన పత్రం తెమ్మని మీ తరఫు ఆఫీసు అడిగింది. టికెట్ల డబ్బు ఎవరిస్తున్నారో పత్రం చూపిస్తే ఖరారు చేస్తామని ఉత్సవంవాళ్లు అన్నారు. వీసావాళ్లకు రెండూ కావాలి. ఒకరి పత్రం కోసం ఒకరు చూస్తూ కూర్చుంటే ఉత్సవం కాస్తా అయిపోయింది. ఆ తర్వాత మాకొక ఉత్తరం వచ్చింది: కార్యక్రమం తేదీ దాటిపోయినందున మీ దరఖాస్తును పరిశీలించడం సాధ్యం కాదు అని. తేదీ దాటిపోయేదాకా దరఖాస్తు ఎవరి దగ్గర ఉందో ఆ ఉత్తరం రాసినవారికి గుర్తు రాలేదు కాబోలు.

తర్వాతి ఆహ్వానానికి మంజూరు ముందే వచ్చింది. అందుకు కృతజ్ఞతలు. అయితే అందులో ఒక షరతు: ముందు ఖర్చు పెట్టండి, వచ్చాక బిల్లులు పెట్టుకోండి. బృందం పెద్దాయన భార్య గొలుసు, గాజులు బ్యాంకులో కుదువ పెట్టారు. మా సంఘంలో ఇద్దరు నష్టానికి చీటీ పాడారు. బృందం వెళ్లింది, ఆడింది, వచ్చింది. బిల్లులు పెట్టాం. చాలాకాలానికి అభ్యంతరం వచ్చింది, రెండు బోర్డింగ్ పాసులు చదవడానికి వీల్లేకుండా ఉన్నాయట. బోర్డింగ్ పాసు థర్మల్ కాగితం. రేకుల ఇంట్లో, రాయలసీమ ఎండల్లో, ట్రంకు పెట్టెలో పడి ఉంటే దాని మీద అక్షరాలు ఎన్నాళ్లు నిలుస్తాయి? పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలు స్పష్టంగా ఉన్నాయి, జిరాక్సులు పెట్టాం. పనికిరాలేదు. ఆ రెండు టికెట్ల డబ్బు పోయినట్టే. గొలుసు విడిపించుకున్నారు. గాజులు వేలానికి వెళ్లాయి.

నేను ఉద్యోగమంతా బ్యాంకులో చేసి రిటైరైనదాన్ని. ఓచరు లేనిదే పైసా కదలకూడదన్న మాట నాకు కొత్త కాదు, దాన్ని తప్పు పట్టను కూడా. ప్రజల డబ్బుకు లెక్క ఉండాల్సిందే. మా అభ్యంతరమల్లా ఒక్కటే. చేతిలో ముందుగా లక్షలు ఉన్నవాడికే ఈ గ్రాంటు అందుతోంది. అంత డబ్బున్నవాడికి గ్రాంటు లేకపోయినా నడుస్తుంది. లేనివాడు మంజూరు ఉత్తర్వు పట్టుకుని అప్పుకోసం తిరుగుతున్నాడు.

ప్రభుత్వానికి చేతకాక ఇలా జరుగుతోందని మేం అనుకోవడం లేదు. మౌలానా ఆజాద్ 1950లో భారతీయ సాంస్కృతిక సంబంధాల మండలిని మొదలుపెట్టిందే ఇలాంటి రాకపోకల కోసం. 1982లో బ్రిటన్‌లో, 1985లో ఫ్రాన్స్, అమెరికాల్లో భారత ఉత్సవాలు జరిగాయి. అమెరికా ఉత్సవంలో వాషింగ్టన్ నడిబొడ్డున మన తిరునాళ్లలాంటి మేళానే వేశారు, పల్లెటూరి చేతిపనివాళ్లు, ఆటపాటలవాళ్లు విమానాలెక్కి వెళ్లారు. వాళ్లలో ఎవరినీ ముందు మీరు టికెట్ కొనుక్కోండి అని అనలేదు. ప్రభుత్వం తానే జరిపితే సాఫీగా సాగే పని చిన్న సంఘం చేతికి వచ్చేసరికి ఎందుకు మొరాయిస్తోంది?

ఈ ఆలస్యాలకు, షరతులకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో, మీ నుంచి మేం ఏం కోరుతున్నామో కింద వరసగా రాస్తున్నాను.

1. తేదీకి ముందే తేల్చండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు మేం అప్లై చేస్తే, కనీసం మూడు నెలల ముందు అవును, కాదు ఏదో ఒకటి చెప్పండి. యూరప్‌లో చాలా దేశాలకు చెల్లే షెంగెన్ వీసాకు ఆరు నెలల ముందు నుంచే అప్లై చేసుకోవచ్చు, మంజూరు పత్రం చేతిలో ఉంటే ఆ సమయమంతా మాకు కలిసొస్తుంది. లేకపోతే ఆఖరి వారాల్లో వీసా అపాయింట్‌మెంట్ దొరకదు, దొరికేసరికి టికెట్ ధర ఎక్కడికో వెళ్లిపోతుంది, పెరిగిన తేడాకు మంజూరైన మొత్తం చాలదు. కమిటీ ఏడాదికి ఒకసారి కాకుండా కనీసం మూడు నెలలకోసారి కూర్చోవాలి. ఉత్సవాలు మన ఆర్థిక సంవత్సరాన్ని చూసి జరగవు. మా బృందంలో మద్దెల వాయించే కుర్రాడు మాఘమాసం పెళ్లిళ్ల బేరాలు వదులుకుని మీ జవాబు కోసం కూర్చున్నాడు. అతని ఇంట్లో ఆ మాసం సంపాదనే సగం ఏడాది బియ్యం.

2. డబ్బు ముందు ఇవ్వండి. మంజూరైన దాంట్లో 75 శాతం ప్రయాణానికి ముందు, మిగతాది లెక్కలు ఇచ్చాక. నమ్మకం లేకపోతే మా చేతికి ఇవ్వొద్దు, టికెట్ల డబ్బు నేరుగా ట్రావెల్ ఏజెన్సీకే కట్టండి. వినియోగ ధ్రువపత్రం, ఆడిట్ లెక్కలు, ఫొటోలు, ఏది అడిగినా ఇవ్వడానికి సిద్ధం. ప్రయాణం చేసినట్టు రుజువుగా ఈ-టికెట్, పాస్‌పోర్టు ముద్రలు సరిపోతాయని రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. వెలిసిపోయే కాగితం మీద ఒక కుటుంబం బంగారం ఆధారపడకూడదు.

3. బృందం అంటే బృందమే. తోలుబొమ్మలాట ఒక్కరు ఆడేది కాదు. తెర వెనక బొమ్మలు ఆడించేవాళ్లు, వాళ్లే పాడుతూ, మాట్లాడుతూ, కాళ్ల కింద చెక్కలు తొక్కి యుద్ధం చప్పుడు చేస్తూ ఉంటారు. ఆడవేషాలకు ఆడవాళ్లే గొంతు ఇస్తారు. హార్మోనియం, మద్దెల, తాళాలు ఉంటాయి. మధ్యలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించకపోతే జనం లేచిపోతారు. ఇంతా కలిపి ఏడెనిమిది మందికి తక్కువైతే ఆట కాదు. ‘ఇద్దరు వెళ్లి డెమో ఇస్తే సరిపోదా’ అని ఒక మీటింగులో అడిగారు. పెద్దాయన వినయంగానే జవాబు చెప్పాడు: “రావణాసురునికి ఒకరు, హనుమంతునికి ఒకరు. సరే సార్. మద్దెల ఎవరు వాయించాల?” కచేరీకి ఎంతమంది కావాలో సంగీతం తెలిసినవాళ్లను అడిగి నిర్ణయిస్తారు కదా, బొమ్మలాటకూ ఆ మర్యాద ఇవ్వండి.

4. ఒక తోలుకు రెండు శాఖలు. ఇది కాస్త వివరంగా చెప్పాలి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట గురించి మీకు తెలిసే ఉంటుంది, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడి కుటుంబాలు మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పల్చగా తీసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులు వేసి బొమ్మలు చేస్తాయి. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. ఇప్పుడు ఆ చేతులే ఎక్కువగా లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాలు చేస్తున్నాయి. మేం తప్పనడం లేదు, దాంతోనే పొయ్యి వెలుగుతోంది. కానీ ఎందుకలా అయిందో చూడండి. అదే తోలు లాంప్‌షేడ్ అయితే హస్తకళ. అది జౌళి శాఖ కిందికి వస్తుంది, వాళ్లకు ఎగ్జిబిషన్లు ఉన్నాయి, స్టాళ్లు ఉన్నాయి, ఆర్డర్లు ఉన్నాయి. అదే తోలు రావణుడై పాట పాడితే ప్రదర్శన కళ, సాంస్కృతిక శాఖ కిందికి వస్తుంది. ఒకే ఇంట్లో పాడే తండ్రి సాంస్కృతిక శాఖకు, లాంప్‌షేడ్లు చేసే కొడుకు జౌళి శాఖకు అర్జీ పెట్టుకోవాలి. కొడుకు అర్జీకి ముందు డబ్బు వస్తుంది కాబట్టి తండ్రి కూడా పాట పక్కన పెట్టి దీపాలకు చిల్లులు కొడుతున్నాడు. లాంప్‌షేడ్ విమానం ఎక్కుతోంది, ద్విపద రామాయణం మాత్రం ఊళ్లోనే ఉండిపోతోంది. ఇండోనేషియాలో వాయాంగ్ బొమ్మలాటను యునెస్కో 2003లోనే మానవాళి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. టర్కీ నీడబొమ్మలాట కరగోజ్ 2009లో, చైనా నీడబొమ్మలాట 2011లో యునెస్కో జాబితాకెక్కాయి. మన తోలుబొమ్మలాట అందులో లేదు. ఆ దేశాలవాళ్లతో మనవాళ్లు ఒక్క తెర ముందు కూర్చుంటేనే కదా ఎవరి దగ్గర ఏముందో లోకానికి తెలిసేది. రెండు శాఖలూ కలిసి ఒకే దరఖాస్తు తీసుకునే ఏర్పాటు చేయండి. పనిలో పనిగా, బొమ్మలు మేకతోలువేనని, అమ్మకానికి కాదని, తిరిగి తెచ్చేవేనని కస్టమ్స్‌కు చూపించడానికి మంజూరుతోపాటే ఒక పత్రం ఇప్పించండి. తాత్కాలికంగా సామాను తీసుకెళ్లడానికి వ్యాపార, పరిశ్రమల సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది, కానీ దానికి ఫీజు, సెక్యూరిటీ కట్టాలి. అవి కూడా ఖర్చులో చేర్చుకోనివ్వండి. ఎయిర్‌పోర్టులో ట్రంకు తెరిచి, నాలుగడుగుల హనుమంతుణ్ణి పైకెత్తి, ‘ఇదేం జంతువు’ అని అడిగితే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

5. మేం ఏ రాష్ట్రం వాళ్లం? ఒక ఆఫీసులో, మీ కళ పక్క రాష్ట్రానిది కదా, అక్కడ అడగండి అన్నారు. పక్క రాష్ట్రానికి వెళితే, మీ రిజిస్ట్రేషన్ బెంగళూరుది కదా, అక్కడే అడగండి అన్నారు. ఈ నగరంలో తెలుగువాళ్లు నిన్న మొన్న ఐటీ ఉద్యోగాలకు వచ్చినవాళ్లే కాదు, తరాలుగా ఉన్నారు. తోలుబొమ్మలాట కూడా సరిహద్దు చూసుకుని ఆగలేదు, కర్ణాటకలో తొగలు గొంబెయాట దీనికి తోబుట్టువే. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం పరిధిలో మన దక్షిణాది రాష్ట్రాలన్నీ ఉన్నాయి. రెండు రాష్ట్రాల మధ్య పనిచేసే సంఘాల దరఖాస్తులను అలాంటి ఉమ్మడి వేదిక ద్వారా తీసుకోండి. రిజిస్ట్రేషన్ ఎక్కడుందో కాదు, ఎవరితో ఏం పని చేస్తున్నారో చూడండి.

6. విదేశీ డబ్బు తెచ్చుకోమనకండి. ‘ఆహ్వానించినవాళ్లనే టికెట్లకూ అడగొచ్చుగా’ అన్న సలహా మాకు తరచూ వస్తుంది. సంఘం ఖాతాకు విదేశీ డబ్బు రావాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థకు కనీసం మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అంత ఖర్చు చేయగలిగితే మీ గుమ్మం ఎందుకు తొక్కుతాం? ఒక్కో విరాళానికి విడిగా ముందస్తు అనుమతి తీసుకునే దారి ఉంది, అదీ పెద్ద ఫైలే. ఇదివరకు రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ డబ్బు తీసుకుని, రిజిస్ట్రేషన్ ఉన్న ఇంకో సంస్థకు ఇచ్చే వీలుండేది. 2020 సవరణ తర్వాత ఆ బదిలీ కూడా ఆగిపోయింది. చట్టం మీద ఇక్కడ వాదన పెట్టుకోవడం లేదు. ఆ తలుపు మూసినప్పుడు ఈ తలుపు ఇంకాస్త తెరిచి ఉంచాలన్నదే మా మాట.

7. ఫారాలు సరిచేయండి. ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా మాకిచ్చిన ఫారంలో ఎయిరిండియా టికెట్ తప్పనిసరి అని ఉంది. కళాకారుడి ‘అత్యున్నత విద్యార్హత’ అనే గడి ఒకటి. బడికి వెళ్లని మనిషి నాలుగు తరాల పాట నోటికి చెబుతాడు, ఆ గడిలో ఏం రాయాలి? ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. రెండూ ఒకరివే అని అఫిడవిట్. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాలనే రకం) అయితే గల్ఫ్ ప్రయాణానికి ఇంకో రకం ప్రశ్నలు. ఫారం తెలుగులో, కన్నడలో, తమిళంలో నింపే వీలుండాలి. బెంగళూరులో, చెన్నైలో నెలకొక రోజైనా ఎదురుగా కూర్చుని అనుమానం తీర్చే మనిషి ఉండాలి.

8. ఎవరికి ఇచ్చారో, ఎందుకు ఇవ్వలేదో చెప్పండి. ఇది మేం కొత్తగా అడిగేది కాదు. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 4 ప్రకారం సబ్సిడీ కార్యక్రమాల అమలు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకముందే బయటపెట్టాలి. ఒక నిర్ణయం వల్ల ప్రభావితమైనవారికి దాని కారణాలు చెప్పాలని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ‘కమిటీ సిఫారసు చేయలేదు’ అన్నది కారణం కాదు. ఏటా ఏ సంస్థకు, ఏ దేశానికి, ఎంతమందికి, ఎంత ఇచ్చారో పట్టిక పెట్టండి. అందులో అవే నాలుగు పేర్లు తిరిగి తిరిగి వస్తున్నాయా లేదా అన్నది జనమే చూసుకుంటారు. వరసగా రెండేళ్లు తీసుకున్న సంస్థ మూడో ఏడు ఆగాలి. కమిటీలో కనీసం ఇద్దరు జానపద కళాకారులు ఉండాలి. వాళ్ల గురించి పరిశోధన చేసినవాళ్లు కాదు, వాళ్లే.

9. వచ్చేవాళ్ల సంగతి. మార్పిడి అంటే వాళ్లూ ఇక్కడికి రావాలి కదా. వాయాంగ్ కళాకారులు వచ్చి ఒక వారం అనంతపురం పల్లెలో ఉంటే ఆ ఊరి పిల్లలు ఏం నేర్చుకుంటారో ఊహించండి. దానికి హాలు అద్దె, బస, దుబాసీ ఖర్చు ఎవరిస్తారు? చిన్న సంఘాలకు అతిథుల కోసం విడిగా కొంత కేటాయించండి.

ఇంకొక్క విషయం. 2005 నాటి యునెస్కో సాంస్కృతిక వైవిధ్య ఒడంబడికను మన దేశం 2006లో ఆమోదించింది. వర్ధమాన దేశాల కళాకారులకు సంపన్న దేశాలు ప్రత్యేక వెసులుబాటు ఇవ్వాలని దాని 16వ అధికరణం చెబుతోంది. వీసా కౌంటర్ దగ్గర మా పెద్దాయనను బ్యాంకు ఖాతాలో నిల్వ చూపించమన్నారు. ఆ ఖాతాలో పడేది కళాకారుల పింఛను మాత్రమే. గ్రాంటు మంజూరైన ప్రతి బృందం గురించి ఆ దేశ రాయబార కార్యాలయానికి మీ శాఖ నుంచి ఒక సిఫారసు ఉత్తరం వెళితే, ఆ ఒడంబడికను గుర్తుచేస్తూ రెండు వాక్యాలు రాస్తే చాలు. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

వచ్చే ఏడాది కోసం ఉత్సవం నుంచి మళ్లీ ఆహ్వానం వచ్చింది. వస్తున్నాం అనో, రాలేం అనో ఈ నెలాఖరులోగా వాళ్లకు చెప్పాలి. మా దరఖాస్తు అన్ని జతపత్రాలతో మీ దగ్గర ఉంది. అప్పటిలోగా మీ జవాబు రాతపూర్వకంగా పంపండి. కాదంటే కారణం కూడా రాయండి, ఈసారి గాజులు కుదువ పెట్టకముందే తెలుస్తుంది.

భవదీయురాలు,
కార్యదర్శి
(సంఘం సభ్యులు, తోలుబొమ్మలాట కళాకారుల తరఫున)
బెంగళూరు